కత్తి పట్టని ఊళ్లు

పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో ఎంబీ చర్చి అన్న మాట కొత్త కాదు. అందులో మొదటి అక్షరం మెన్నొనైట్ అన్న పేరుకు గుర్తు. 16వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లో బోధించిన మెన్నో సైమన్స్ పేరు మీద ఏర్పడిన శాఖ అది. క్రీస్తును నమ్మినవాడు సైనికుడు కాకూడదన్నది ఆ శాఖను ఐరోపాలో మిగతా క్రైస్తవుల నుంచి వేరుగా నిలబెట్టిన మాట. ఆ మాట ఇన్ని శతాబ్దాలు నిలవడానికి దయగల రాజులు రాసిచ్చిన మినహాయింపు పత్రాలే కారణమని సాధారణంగా అనుకుంటారు. వాళ్ల చరిత్ర చూస్తే నాకు అందుకు విరుద్ధంగా తోస్తుంది. పత్రాలు మనుషుల్ని బతికించాయి గాని, నమ్మకాన్ని మెత్తబరిచాయి. దానికోసం ఏదైనా వదులుకోవలసి వచ్చిన తరాల్లోనే అది మళ్లీ నమ్మకమైంది.

మొదట్లో ఆ మాటకు ఎవరి దయా లేదు. 1525లో జూరిక్‌లో కొందరు, చిన్ననాడు తమకు ఇచ్చిన బాప్తిస్మం చెల్లదని, ఎదిగిన వయసులో తెలిసి తీసుకున్నదే బాప్తిస్మమని తేల్చుకున్నారు. రెండేళ్లకు అదే బాటలోనివాళ్లు ష్లైట్‌హైమ్‌ అనే ఊళ్లో కూడి, ఖడ్గం లోకంలోని పాలకులదే తప్ప క్రీస్తు శిష్యులది కాదని రాసుకున్నారు. ఆ రాతకు ముఖ్యుడైన మైకేల్ సాట్లర్‌ను అదే ఏడాది చంపేశారు. తురుష్కులు దండెత్తి వచ్చినా తాను వాళ్లతో పోరాడనని చెప్పడం ఆయనపై మోపిన నేరాల్లో ఒకటి. అయితే కొత్త బాప్తిస్మం పుచ్చుకున్నవాళ్లంతా మొదటినుంచీ అహింసావాదులేనని అనుకోవడం సరికాదు. వాళ్లలోనే ఒకడైన బల్తజార్ హుబ్‌మయర్ క్రైస్తవుడైన పాలకుడికి ఖడ్గం తగునని వాదించాడు. 1534లో మ్యూన్‌స్టర్ నగరాన్ని చేజిక్కించుకున్నవాళ్లు దైవరాజ్యం పేరుతో ఆయుధాలు పట్టి, ఏడాదిన్నరలో నెత్తుటి మడుగులో అంతమయ్యారు. మెన్నో 1536లో కాథలిక్ గురుత్వాన్ని వదిలి బయటికి వచ్చింది ఆ బూడిద చల్లారకముందే. కాబట్టి ఆయుధం వద్దన్న ఆయన బోధను లోకం తెలియని సాధువుల ఆశయంగా చూడలేం. తమ తోటివాళ్లే కత్తి పడితే ఏమైందో కళ్లారా చూసిన మనిషి నేర్చుకున్న పాఠం అది.

హింస నుంచి తప్పించుకున్న డచ్చి కుటుంబాలు ఎన్నో విస్తులా నది ముఖద్వారం దగ్గర స్థిరపడ్డాయి. అక్కడి పల్లపు భూముల నుంచి నీళ్లు తోడి సేద్యానికి తెచ్చే డచ్చి నైపుణ్యం పాలకులకు కావాలి. 1772లో ఆ నేల ప్రష్యా కిందికి వచ్చింది. 1780లో రెండవ ఫ్రెడరిక్ వాళ్లకు సైనిక సేవ నుంచి మినహాయింపు పత్రం ఇచ్చాడు. బదులుగా కుల్మ్‌లోని సైనిక విద్యాలయానికి ఏటా 5,000 తాలర్లు కట్టాలి. ఈ లెక్క దగ్గర ఆగి ఆలోచించాలి. తాము యుద్ధం చేయరు, కాని యుద్ధం నేర్పే బడికి డబ్బు కడతారు. ఇక్కడే పాత ఆక్షేపణ ఎదురవుతుంది: పక్కవాడి బిడ్డ ప్రాణం పెడుతుంటే, ఆ నీడలో కూర్చుని మా చేతులు శుభ్రమనడం ఏం న్యాయం? ఆ ఆక్షేపణలో నిజముంది. ప్రష్యాలో సైనికుల ఎంపిక భూమితో ముడిపడినది. ఒక పొలం మెన్నొనైట్ల చేతికి వెళితే ఆ మేరకు సైన్యానికి మనుషులు తగ్గేవారు. అందుకే 1789లో వాళ్లు కొత్తగా భూమి కొనకుండా కట్టడి చేశారు. దీన్ని మతద్వేషంగా కొట్టిపారేయలేం. చెల్లింపుతో కొనుక్కున్న మనస్సాక్షి పొరుగువాడి ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

భూమి దొరకని కుటుంబాలు రష్యా బాట పట్టాయి. కాథరిన్ రాణి 1763లోనే విదేశీ రైతులను పిలిచి, సైన్యంలో చేరనక్కర్లేదని మాట ఇచ్చింది. 1789లో ద్నీపర్ ఒడ్డున హోర్తిత్సా, 1804లో మొలోచ్నా వలసలు వెలిశాయి. 1800లో పాల్ చక్రవర్తి ఆ హక్కును శాశ్వతం చేస్తూ పత్రం ఇచ్చాడు. ఆ తర్వాతి డెబ్బై ఏళ్లలో గోధుమ పండింది, ఊళ్లు కలిసొచ్చాయి. ఊళ్లలోనే భూమిలేని మెన్నొనైట్లు కూడా పెరిగారు. ఆయుధం పట్టకపోవడం పుట్టుకతో వచ్చే ఆస్తిలా మారింది. క్రిమియా యుద్ధకాలంలో బళ్లు కట్టి సరుకులు మోశారు, గాయపడినవాళ్లకు సేవ చేశారు. కాని ఎవరూ వాళ్లను నిలబెట్టి, మీరెందుకు రారని అడగలేదు.

1874లో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చినప్పుడు అడిగారు. దాదాపు 18,000 మంది పొలాలు అమ్ముకుని అమెరికా, కెనడాలకు వెళ్లిపోయారు. వలసను ఆపడానికి చక్రవర్తి జనరల్ తోత్‌లేబెన్‌ను పంపాడు. ఉండిపోయినవాళ్లకు కుదిరిన ఒప్పందం ప్రకారం యువకులు తుపాకీ బదులు గడ్డి మైదానాల్లో అడవులు పెంచాలి, ఆ శిబిరాల ఖర్చు సంఘాలే భరించాలి. వెళ్లినవాళ్లు ఊరు వదులుకున్నారు, ఉన్నవాళ్లు కొడుకుల యౌవనంలో కొన్నేళ్లు, తమ సొమ్ము ఇచ్చారు. మధ్యలో ఎవరూ ఉచితంగా మిగల్లేదు. ఈ కాలాన్నే ఆ సమాజపు మంచి రోజులుగా నేను లెక్కిస్తాను. అడవి శిబిరాలను పోషిస్తున్న ఆ మొలోచ్నా నుంచే 1889లో అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు నిజాం రాజ్యంలోని నల్లగొండకు బయల్దేరారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ నీడలో వాళ్లు మొదలుపెట్టిన పని రష్యా సంఘాల చందాలతో సాగింది.

ఏదైనా వదులుకున్నప్పుడే నమ్మకం నిలుస్తుందన్న నా వాదనకు గట్టి ఎదురు దెబ్బ 1918లో తగులుతుందని అంటారు. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధంలో వేలమంది మెన్నొనైట్ యువకులు అడవుల్లోనూ, క్షతగాత్రులను మోసే రైళ్లలోనూ పనిచేశారు. ఆ తర్వాత రష్యా అంతర్యుద్ధం ఊళ్లమీద పడింది. దోపిడీలు, అత్యాచారాలు, హత్యలు. ఆ వేసవి మొలోచ్నాలోని లిఖ్తెనావ్‌లో కూడిన పెద్దలు ఆయుధం విషయం ఎవరి మనస్సాక్షికి వారిని వదిలేశారు. యువకులు ఆత్మరక్షణ దళాలు కట్టారు. ఇంత ఖరీదు కట్టిన నమ్మకం కూడా భయం ముందు నిలవలేదు కదా అన్నది ఆక్షేపణ. అక్కచెల్లెళ్లను కాపాడుకోవడానికి తుపాకీ తీసిన పంతొమ్మిదేళ్ల కుర్రవాణ్ణి నేను నిందించలేను. ఆ వలసల్లో ఎవరూ తేలిగ్గా నిందించలేదు కూడా. కాని ఫలితం చూడాలి. జర్మన్ సైన్యం ఇచ్చిన ఆయుధాలతో, తర్వాత బోల్షెవిక్కుల మీద పోరాడుతున్న శ్వేత సైన్యం పక్కన నిలిచి పోరాడటంతో ఆ ఊళ్లు ఒక పక్షమైపోయాయి. 1919 శరదృతువులో అరాచకవాది మఖ్నో దళాలు ఐకెన్‌ఫెల్డ్ అనే ఊళ్లో ఒక్క రాత్రిలో 70 మందికి పైగా చంపాయి. చనిపోయినవాళ్లలో గుడారాలు వేసి సువార్త చెప్పడానికి వచ్చిన బోధకులూ ఉన్నారు. తుపాకీ ఆ ఊళ్లకు రక్షణ కాలేకపోయింది. ఆత్మరక్షణ దళాలు ఎత్తుగడలో పొరపాటే కాదు, విశ్వాసంలోనూ తప్పేనని తర్వాత సంఘాలే ఒప్పుకున్నాయి.

అమెరికాకు వెళ్లినవాళ్ల వారసులకూ ఇదే ప్రశ్న ఎదురైంది. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ సైన్యానికి బదులు పౌరసేవ శిబిరాలకు వెళ్లిన సుమారు 12,000 మందిలో మెన్నొనైట్లే అతిపెద్ద వర్గం. జీతం లేకుండా అడవి మంటలు ఆర్పారు, మానసిక వైద్యశాలల్లో వార్డులు చూసుకున్నారు. అయినా నిర్బంధంగా పిలుపు వచ్చిన మెన్నొనైట్ యువకుల్లో సగానికి పైగా ఏదో రూపంలో సైన్యంలోకే వెళ్లారు. వలస గురించి అమ్మమ్మలు చెప్పిన కథలు ఆ యువకులందరికీ చాలలేదు.

తెలుగు నేల మీది మెన్నొనైట్ల సంగతి వేరు. ఇక్కడ బాప్తిస్మం పుచ్చుకున్న మాదిగ, మాల కుటుంబాలను కత్తి పట్టమని నిర్బంధించిన చట్టం ఏదీ లేదు. స్వతంత్ర భారతంలోనూ సైన్యంలో చేరడం ఇష్టం మీదే. కాబట్టి మొలోచ్నాలో ఊళ్లను చీల్చిన ప్రశ్న పాలమూరులో గుమ్మం దాకా రాలేదు. ఇక్కడ వాళ్లు ఎదుర్కొన్నది వెట్టి, అంటరానితనం, కరువు. మెన్నొనైట్ అన్న పేరుకు బడులతో, జడ్చర్ల ఆసుపత్రితో, ఊరి చివర చిన్న ప్రార్థన మందిరాలతో అర్థం ఏర్పడింది. ఆ పేరు వెనక ఉన్న పాత నిరాకరణ గురించి తెలుగు సంఘాలు మాట్లాడుకోవడానికి ఏ యుద్ధమూ అక్కర్లేదు. తమ ఊళ్లో కర్ర ఎత్తినవాడికి ఏం జవాబివ్వాలన్న ప్రశ్న దళిత క్రైస్తవుడికి ప్రతి తరంలోనూ ఎదురవుతూనే ఉంది.