పర్తి అవ్వ అడిగిన మూడు కోరికలు

మా ఊరికి రైలు 2000లో వచ్చింది. స్టేషన్ మా కొత్తచెరువులోనే ఉంది, బోర్డు మీద పేరు మాత్రం శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం. దీని మీద మా ఊరి టీ కొట్లలో ఇప్పటికీ అప్పుడప్పుడూ వాదన లేస్తుంది. నాకైతే పెద్ద బాధ లేదు. పుట్టపర్తి దారి మొదట్నుంచీ మా ఊరి మీదుగానే కదా. పెనుకొండలోనో ధర్మవరంలోనో రైలు దిగి, బస్సు పట్టుకుని మా ఊరు దాటి బుక్కపట్నం చేరి, అక్కణ్నుంచి ఎద్దులబండిలో చిత్రావతి ఇసుక దాటి పర్తికి పోయేవాళ్లు. బండి దొరకని వాళ్లు నడిచేవాళ్లు. అట్లా పోయేవాళ్లకు మా జేజి అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ పోసేది. ఎవరు, ఏ కులం, ఎందుకు పోతున్నారు అని అడిగే అలవాటు ఆమెకు లేదు. అడిగి చెప్పించుకునేది ఒక్కటే: "తిన్నారా, లేదా?"

ఆ దారిన పోయిన వాళ్లంతా చూడబోయిన మనిషి గురించి పుస్తకాలకు కొదవ లేదు. ఇక్కడ రాస్తున్నది ఆయన్ని కన్నతల్లి ఈశ్వరమ్మ గురించి. మా ఈడు వాళ్లకు ఆమె అవ్వ వరస. సత్యసాయిబాబాను దేవుడనే వాళ్లున్నారు, కాదనే వాళ్లున్నారు. ఆ తగవు మా ఊళ్లోనూ ఉంది. ఈశ్వరమ్మ దగ్గరికి వచ్చేసరికి రెండు పక్షాలూ ఒకే మాట అంటాయి: మంచి మనిషి.

ఆమె పుట్టిల్లు కొలిమిగుండ్ల. అప్పట్లో కర్నూలు జిల్లా. పుట్టపర్తిలో రత్నాకరం వారింట పెద్ద వెంకమరాజుకు ఇల్లాలైంది. మామ కొండమరాజు రామాయణ నాటకాల్లో వేషం కట్టే మనిషి, సత్యభామకు గుడి కట్టించిన మనిషి. ఉమ్మడి కుటుంబం, ఐదుగురు పిల్లలు. 1926 నవంబరు 23న పుట్టిన సత్యనారాయణ (తర్వాతి సత్యసాయిబాబా) పద్నాలుగో ఏట, 1940లో, ఉరవకొండలో పుస్తకాలు పక్కనపడేసి నేను మీవాణ్ని కాను అని బయల్దేరాడు. ఆ మాట విన్న తల్లి పరిస్థితి ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు. కొడుకు చుట్టూ జనం పెరిగారు, 1950లో ప్రశాంతి నిలయం ఆశ్రమం లేచింది, దూర దేశాల నుంచి మనుషులు రావడం మొదలైంది. ఆమె మాత్రం పల్లెటూరి ఆడమనిషి పద్ధతి వదల్లేదు.

కొడుకును ఆమె కోరినవి మూడు. ఈ సంగతి బాబా తన ఉపన్యాసాల్లో చాలాసార్లు చెప్పారు. ఊరి పిల్లలు చదువు కోసం బుక్కపట్నం దాకా నడుస్తున్నారు, ఇక్కడే చిన్న బడి పెట్టించమంది. ఒంట్లో బాగాలేని బిడ్డల్ని చంకనేసుకుని తల్లులు దూరం పోతున్నారు, చిన్న ఆసుపత్రి కట్టించమంది. నీళ్లకు ఆడవాళ్లు పడే పాట్లు చూడలేక, బావి తవ్వించమంది.

మూడింట్లోనూ తనకంటూ ఏమీ లేదు. సొంత పిల్లలకూ మనవళ్లకూ అడగలేదు. మూడూ వీధిలో కనిపించే కష్టాలే. ఈ సీమలో నీళ్ల కష్టం చూడని వాళ్లకు మూడో కోరిక బరువు తెలియదు కాబట్టి, దాని దగ్గర కాస్త ఆగుతాను.

మా జేజి పుట్టిల్లు చిత్రావతి గట్టున. ఎండాకాలం వస్తే ఏట్లో చెలమ తీయడం ఆడవాళ్ల పని. తెల్లారకముందే పోవాలి. చేతులతో, చిప్పతో ఇసుక తోడుకుంటూ మోకాటి లోతు దిగితే తడి తగులుతుంది. మొదట ఊరేది బురద. దాన్ని ముంతతో తోడి పారబోసి, ఊట తేటపడేదాకా పక్కన కూర్చోవాలి. తర్వాత ముంత ముంతగా తోడి, కడవ మూతికి కట్టిన పాతచీర గుడ్డలో వంచాలి. తొందరపడితే చెలమ గోడ జారి ఇసుకంతా నీళ్లలో పడుతుంది, పని మళ్లీ మొదటికి. కడవ నిండేసరికి వెనక ఇంకో నలుగురు కాచుకుని ఉంటారు. ఆ నీళ్లతోనే వంట, తాగుడు, మిగిలితే గొడ్డుకు. దేశంలో అతి తక్కువ వానపడే జిల్లాల్లో అనంతపురం ఒకటి, ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అది కూడా పడాల్సినప్పుడు పడదు. బోర్లు వచ్చాక చెలమలు తగ్గాయి గానీ, లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడ్ నీళ్లు పడి పళ్లు గారపట్టాయి, మోకాళ్లు వంగిపోయాయి.

ఈశ్వరమ్మ అడిగిన బడి లేచింది. ఆసుపత్రి 1956లో మొదలైంది. 1972 మే 6న ఈశ్వరమ్మ పోయింది. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో విద్యార్థులకు వేసవి తరగతులు జరుగుతున్న రోజులవి. అక్కణ్నుంచి పుట్టపర్తికి తెచ్చి భర్త సమాధి పక్కనే ఆమెకూ సమాధి కట్టారు. ఏటా మే 6న ఆమె పేరున అన్నదానం, బట్టల పంపిణీ జరుగుతాయి.

మిగతావి ఆమె చూడలేదు. 1991 నవంబరులో ఖర్చు లేకుండా గుండె ఆపరేషన్లు చేసే సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించారు. 1994లో బాబా తాగునీటి పథకం ప్రకటించారు. జిల్లాలో 700 పైచిలుకు ఊళ్లకు నీళ్లందించే పని ఏడాదిన్నర అటూఇటూగా పూర్తయింది. తపాలాశాఖ 1999లో దాని మీద స్టాంపు వేసింది. ఊళ్లోకి కొళాయి వచ్చిన తర్వాత మా జేజి ముంతను అటక మీద పెట్టింది, పారేయలేదు. నీళ్లను నమ్మకూడదని ఆమె సిద్ధాంతం. ఆ తర్వాతి ఏళ్లలో వచ్చిన కరువులు చూస్తే ఆమెదే రైటు అనిపిస్తుంది.

ధర్మవరం చెరువు వేయించిన క్రియాశక్తి ఒడెయరు తల్లి ధర్మాంబ పేరున ఊరు వెలిసిందని చెబుతారు. బుక్కపట్నం బుక్కరాయల పేరు మోస్తోంది. పెనుకొండ తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని. మా చుట్టూ ఉన్న చరిత్రంతా రాజుల లెక్క. 2022లో జిల్లా విడిపోయి కొత్త జిల్లాకు బాబా పేరు పెట్టారు, అదీ సబబే. అయినా ఈ ప్రాంతానికి ఏం కావాలో ముందుగా, సూటిగా చెప్పింది బడి గడప తొక్కని ఒక ఇల్లాలు. ఇప్పటి ప్రభుత్వాలు పేజీలకు పేజీలు నివేదికలు రాయించుకుని తేల్చేది కూడా ఆ మూడే: బడి, వైద్యం, నీళ్లు. ఊరి చరిత్ర రాసేవాళ్లు ఆమెను భక్తి పుస్తకాలకు వదిలేయడం నాకు నచ్చదు.

కొత్తచెరువు, బుక్కపట్నం, పర్తి పక్క పల్లెల వాళ్లకు ఒక మనవి. మీ ఇంట్లో ఎనభై దాటిన అవ్వ ఉంటే పక్కన కూర్చుని అడగండి. చిన్నప్పుడు ఏ బావి నీళ్లు తాగింది, దాన్ని ఏమని పిలిచేవాళ్లు, ఏది మంచినీళ్లు, ఏది ఉప్పునీళ్లు, ఏ బావి దగ్గర ఎవర్ని తోడుకోనిచ్చేవాళ్లు కాదు, ఎవరు చాటుగా పోసేవాళ్లు. రాసి తేదీ వేయండి. ఆ బావులు చాలామటుకు పూడిపోయాయి. వాటి పేర్లు ఏ ఆఫీసు రికార్డులోనూ దొరకవు.