ఇంజనీరింగు తొలిపాఠములకు గండికోట

ఇంజనీరింగు విద్యలో మొదటి సంవత్సరమున విద్యార్థికి గణితము, భౌతికశాస్త్రము, డ్రాయింగు, వర్క్‌షాపు అను నాలుగు వాకిళ్లు తెఱచియుంచుదురు గాని, వాని గుండ పోయి చేరవలసిన ఇల్లెట్టిదో చూపువారు అరుదు. రాయలసీమ కళాశాలలకు ఆ ఇల్లు దూరమున లేదు. జమ్మలమడుగునకు చేరువను, పెన్నానది ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పోవు గండికోటయందే యున్నదని నా నిశ్చితాభిప్రాయము.

ఈ సీమకు ఇంజనీరింగు విద్య క్రొత్త కాదు. 1946లో గిండీలో ఆరంభమై 1948లో అనంతపురమునకు తరలివచ్చిన కళాశాల ఇందులకు ఆద్యము. 2008లో గ్రామీణ విద్యార్థులకై నెలకొల్పిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇడుపులపాయ ప్రాంగణమున, పదవ తరగతి ముగించిన పల్లెపిల్లలు ఆఱేండ్ల చదువులో చేరి, రెండేండ్లు పి.యు.సి. చదివిన పిమ్మట బి.టెక్.లో అడుగిడుదురు. ఎండిన బోర్లను, వానకై ఎదురుచూచు చేలను ఎఱిగిన ఆ పిల్లలకు నీటిశాస్త్రము పుస్తకమునుండియే మొదలుకావలసిన పని లేదు.

గాలేరు-నగరి సుజల స్రవంతిలో భాగమైన గండికోట జలాశయపు నిల్వసామర్థ్యము 26.85 టి.ఎం.సి., అనగా దాదాపు 76 కోట్ల ఘనమీటర్లు. దానిని చూచివచ్చిన విద్యార్థిని, మీటరు వెడల్పుగల నిలువుగోడను 10 మీటర్ల లోతునీరు ఎంత బలముతో త్రోయునో లెక్కకట్టి చెప్పుమనవలెను. సుమారు 50 టన్నులని తేలును. లోతు 20 మీటర్లైనచో అది 100 కాదు, 200 టన్నులగును. ఏలయన లోతుతోపాటు ఒత్తిడియు పెరుగును, దానిని మోయు గోడ వైశాల్యమును పెరుగును. ఆనకట్ట అడుగున అంత వెడల్పేలనో ఆ పిల్లవాడు తనంత తానే గ్రహించును. ఈ నీటికై తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు ఖాళీయైన సంగతియు ఆ లెక్కతోనే చెప్పవలెను. జనుల కష్టమును లెక్కింపని ఇంజనీరు చదువు అసంపూర్ణము.

ఇక వర్క్‌షాపున నేర్పు లోహపు మూసపోతకు గొప్ప పాఠము కోటలోనే జరిగినది. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఇచ్చట నున్న కాలమున, 1652లో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే వ్రాసినదానినిబట్టి, దేవాలయ విగ్రహముల రాగిని కరగించి ఫిరంగులు పోయుటకు మాయీ అను ఫ్రెంచివాడు పూనుకొనెను. పనికివచ్చు ఫిరంగి ఒక్కటియు వెలువడలేదు. లోహము చల్లారునప్పుడు ఎట్లు కుదించుకొనును, మూసలో తడి యున్న నేమగును, పలుచనిచోటును మందమైనచోటును ఒక్కమాఱే గట్టిపడునా అను ప్రశ్నలను వర్క్‌షాపులో చిన్న పోతలతో పరీక్షించిన విద్యార్థికి ఆ వైఫల్యము వట్టి చరిత్రగా మిగులదు.

కోటగోడల సంగతి వేఱు చెప్పనక్కఱలేదు; వేఱు పునాది లేక నేరుగా బండపైననే లేచిన ఆ ఎఱ్ఱరాతి ప్రాకారమునుండి ఒక్క బురుజును కొలిచి గీసినచో డ్రాయింగు అభ్యాసము సార్థకమగును.

అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018 నాటి నమూనా పాఠ్యప్రణాళికలో ప్రవేశార్థులకు మూడు వారముల పరిచయ కార్యక్రమము విధించి, స్థానిక సందర్శనలకును చోటిచ్చినది. వానిని విహారయాత్రలుగా గడపివేయక, కొలతలు, లెక్కలు, పటములు తప్పనిసరియైన తొలి అభ్యాసముగా గండికోటను పాఠ్యక్రమమున చేర్పవలసినదిగా కడప, కర్నూలు, అనంతపురము కళాశాలల అధ్యాపకులను ప్రార్థించుచున్నాను.