అడుగున చల్లగానే ఉంది

2020 మే 7. తెల్లవారుజాము మూడు కావస్తోంది. విశాఖపట్నం శివారు ఆర్.ఆర్. వెంకటాపురం గాఢనిద్రలో ఉంది. ఊరిని ఆనుకునే ఉన్న ఎల్జీ పాలిమర్స్‌లో నైట్ షిఫ్ట్ నడుస్తోంది. లాక్‌డౌన్‌తో ఆగిన ఉత్పత్తిని మళ్లీ మొదలుపెట్టే సన్నాహాల్లో ఉన్నారు. అంతలో గ్యాస్ డిటెక్టర్ మోగింది. ఎం-6 ట్యాంకు నుంచి తెల్లటి ఆవిరి తన్నుకొస్తోంది.

ఆ ట్యాంకు కథ మాత్రం అయిదు నెలల ముందు మొదలైంది.

అందులో ఉన్నది స్టైరీన్. దాన్ని చల్లగా ఉంచాలి. వేడెక్కితే అణువులు తమలో తాము గొలుసు కట్టుకుంటాయి, అలా కట్టుకుంటున్నకొద్దీ ఇంకా వేడి పుడుతుంది. అందుకే ద్రవాన్ని పంపుతో లాగి, చల్లబరిచి, తిరిగి ట్యాంకులోకి పంపుతారు. 2019 డిసెంబరులో ఆ పైపుల అమరిక మార్చారు. అంతకుముందు చల్లబడిన స్టైరీన్ పైభాగాన వచ్చి పడేది. మార్చాక అడుగునే వచ్చి చేరింది. కిందిది కిందే తిరిగింది, పైది కదలకుండా ఉడికింది. థర్మామీటరేమో అడుగునే ఉంది! పైన ఒక్కటీ లేదు. గంజి కుండ అడుగు తడిమి, పైన పొంగడం లేదని చెప్పినట్టే. లాగ్‌బుక్‌లో రీడింగ్ రాసినవాడు అబద్ధం రాయలేదు. పైన ఎంతుందని అడిగినవాడే లేడు.

దానికితోడు సాయంత్రం అయిదింటికి రిఫ్రిజిరేషన్ ఆపేయడం అక్కడ రివాజు. గొలుసు కట్టకుండా ఆపే మందు టీబీసీ. అది పనిచేయాలంటే ద్రవంలో ఆక్సిజన్ కరిగి ఉండాలి. దాన్ని కొలిచే ఏర్పాటు లేదు, టీబీసీ స్టాకూ లేదు. ఏప్రిల్ చివర్లో నమూనాల్లో పాలిమర్ పాళ్లు పెరిగాయి. లిమిట్ లోపలే ఉంది కదా అని సరిపెట్టుకున్నారు. నన్నడిగితే ప్రమాదం జరిగింది ఆ రోజునే. పెరిగిందా అన్నది చూడాల్సిన చోట, లిమిట్ దాటిందా అని చూశారు.

ఆ రాత్రి ట్యాంకు లోపల వేడి 150 డిగ్రీలు దాటింది. స్టైరీన్ 145 దగ్గరే మరుగుతుంది. ఆవిరి గోడ దాటి ఊళ్లోకి దిగింది. ఘాటుకు మెలకువ వచ్చినవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని, ఎటు పోవాలో తెలియక చీకట్లో పరుగెత్తారు. కళ్లు మంటలు, ఊపిరాడదు. దారిలోనే కూలిపోయారు. కట్టుకొయ్యల దగ్గర పశువులు పడిపోయాయి. తలుపులు కొట్టి జనాన్ని లేపింది పోలీసులు, ఇరుగుపొరుగు.

ఫ్యాక్టరీ సైరన్ మోగలేదు.

అది చెడిపోయి కాదు. రాష్ట్ర ప్రభుత్వం నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన వేసిన హైపవర్ కమిటీ జులైలో ఇచ్చిన నివేదికలో ఈ సంగతి ఉంది: సైరన్ మోగించే మీటలు ప్లాంటులో 36 చోట్ల ఉన్నాయి, గేటు దగ్గర కూడా. ఒక్కటీ నొక్కలేదు. భయంతో చేయి ఆడలేదేమో, పైవాళ్లు చెప్పాలని ఆగారేమో. తప్పుడు సైరన్ కొడితే మర్నాడు సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన చోట ఎవరి చేయైనా వెనకాడుతుంది. ఏ ప్లాంటులోనైనా కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి రోజే ఆ మీట చూపించి, "నీకు అనుమానం వస్తే చాలు, నొక్కు. ఎవరూ ఏమీ అనరు" అని మేనేజరే నోటితో చెప్పాలి. మాక్ డ్రిల్ ఫొటోలు ఆ పని చేయవు.

పన్నెండు మంది చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు.

ట్యాంకును అదుపులోకి తేవడానికి కావాల్సిన ఆ టీబీసీ మందు కోసం ఆ రోజే దేశమంతా వెతికారు. గుజరాత్‌లో దొరికింది. ఆ రాత్రే ప్రత్యేక విమానంలో విశాఖలో దించారు. బరువు 500 కిలోలు.