పాత డ్రిల్ మెషిన్, రెండు అమెరికా పేటెంట్లు, ఒక హిందూపురం షెడ్డు

ఈరోజు ఎపిసోడ్ బొక్క గురించి. నవ్వొద్దు. మా అనంతపురం వైపు రంధ్రాన్ని బొక్క అనే అంటాం. ఇనుములో నిటారుగా, గుండ్రంగా, అనుకున్న సైజులో బొక్క వేయడం అనేది చూడ్డానికి చిన్న పని. దీని వెనక మాత్రం వేల ఏళ్ల కథ ఉంది.

ఎన్ని వేల ఏళ్లంటే, ఇప్పటి బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో 7,500 నుంచి 9,000 ఏళ్ల కిందటి మనుషుల పళ్లలో డ్రిల్‌తో వేసిన బొక్కలు దొరికాయి. 2006లో నేచర్ పత్రికలో వచ్చింది. చెకుముకి రాతి మొన, దాన్ని తిప్పడానికి విల్లు. మన వడ్రంగి తాతలు వాడిన బరమా కూడా ఇదే ఫ్యామిలీ. విల్లు ముందుకీ వెనక్కీ లాగితే కడ్డీ తిరుగుతుంది, మొన దిగుతుంది.

కొయ్యకి అది సరిపోయింది. ఇనుముకి సరిపోలేదు. కమ్మరి కొలిమిలో కాల్చి, చదును చేసి, మొన తీసిన బిట్టు ఇనుములోకి దిగుతుంది కానీ, తెగిన పొట్టు బొక్కలోనే ఉండిపోతుంది. మాటిమాటికీ ఆపి బయటికి తీయాలి. 1863లో స్టీఫెన్ మోర్స్ అనే అమెరికన్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. బిట్టు పొడవునా మెలి తిరిగిన గాడి. ఈరోజు హార్డ్‌వేర్ షాపులో మీకు ఇచ్చే బిట్టు అదే. పొట్టు ఆ గాడి వెంట తనంతట తానే పైకి వచ్చేస్తుంది. మరుసటి ఏడాదికల్లా మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఆయన పేరుతో కంపెనీ నడుస్తోంది.

నాకు మాత్రం బిట్టు కంటే ఆయన పేరుతో ఉన్న ఇంకో వస్తువే గొప్ప. మోర్స్ టేపర్. ఇంట్లో రెండు స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని, అమ్మ ఎంత లాగినా రాకపోవడం చూసుంటారు కదా? అదే సూత్రం. స్పిండిల్ లోపల కొద్దిగా ఏటవాలుగా తగ్గే గొట్టం, చక్ మోసే ఆర్బర్‌కీ అదే ఏటవాలు. రెండో నంబర్ మోర్స్‌లో అది దాదాపు 20కి 1, అంటే 20 మిల్లీమీటర్ల పొడవుకి మందం ఒక మిల్లీమీటర్ తగ్గుతుంది. ఒక్కసారి గట్టిగా నెడితే పట్టేసుకుంటుంది. స్క్రూ లేదు, బోల్టు లేదు. లోహం లోహాన్ని నిలువునా తాకడమే పట్టు. తీయాలంటే పక్కనున్న సందులో చీలలాంటి డ్రిఫ్ట్ పెట్టి సుత్తితో ఒక్కటి వేస్తే ఊడొస్తుంది.

ఇక చక్. ఒకప్పుడు పానాతో బిగించే చక్‌లే ఉండేవి. ఆర్థర్ జాకబ్స్‌కి అలాంటి దాంతోనే వేళ్ల కణుపులు చిట్లాయని చెబుతారు. 1902లో ఆయన పేటెంట్ వచ్చింది. లోపల వాలుగా కూర్చున్న మూడు దవడలు, వాటి వీపున మరలు, చుట్టూ రెండు ముక్కలుగా ఉన్న నట్టు, దాని మీద బిగించిన పళ్ల తొడుగు. పళ్లున్న కీ పెట్టి తిప్పితే మూడు దవడలూ ఒకేసారి ముందుకొస్తాయి. డిజైన్ అంటే అది బాస్. 120 ఏళ్లు దాటినా పెద్దగా మార్చాల్సిన అవసరం రాలేదు. నేను రాసిన కోడ్ మూడేళ్లు కూడా బతకలేదు.

ఇప్పుడు హిందూపురం వద్దాం. అక్కడ ఒక చిన్న షెడ్డు, ఒక పెద్దాయన, ఒక పాత పిల్లర్ డ్రిల్. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆయన ముందున్న ఆర్డర్ ధర్మవరం నుంచి. పట్టు మగ్గం జాకార్డు కింద దారాలు దూరే బొక్కల పలకలు. వందల బొక్కలు, వరసగా. లియాన్‌లో జాకార్డ్ 1804లో ఆ యంత్రం చేసినప్పటి నుంచీ లెక్క అంతే. అట్టలో బొక్క ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకో అర్థం. మా కంప్యూటర్ వాళ్లకి అదే తాతముత్తాతల కథ. బొక్క పక్కకి జరిగితే దారం రాసుకుంటుంది, తెగుతుంది. ఈ మెషిన్‌లో బిట్టు చూస్తే గాలికి ఊగే చెట్టులా ఉంది.

"తూకానికి అమ్మేద్దాం నాయనా, కొత్తది తెద్దాం" అని కొడుకు. పెద్దాయన ఒప్పుకోడు. "మెషిన్ చెడిపోలేదప్పా, యాడ చెడిందో మనకి తెలీదు, అంతే" అన్నాడు. నాకు ఆ మాట విని, ఆఫీసులో బగ్ దొరక్క మొత్తం మళ్లీ రాసేద్దామన్న మీటింగులన్నీ గుర్తొచ్చాయి.

పెద్దాయన ఒక్కోటీ విడదీస్తూ కొలిచాడు. చక్ తీసేసి, స్పిండిల్ టేపర్ లోపలికి డయల్ గేజ్ ముల్లు పెట్టి చేత్తో తిప్పితే 0.03 మిల్లీమీటర్లు. అంటే స్పిండిల్ వంగలేదు. స్పిండిల్‌ని చేత్తో పక్కకి ఊపితే మాత్రం ముల్లు గట్టిగా కదిలింది. అది బేరింగ్ తప్పు. తీసి చూస్తే దాని మీదే నంబర్ ఉంది, 6206. లోపలి బొక్క 30, బయట 62, మందం 16 మిల్లీమీటర్లు. ప్రపంచమంతా ఒకటే కొలత. మెషిన్ కంపెనీ పోయినా బేరింగ్ మాత్రం బజార్లో దొరికింది.

తర్వాత టేపర్. ఆర్బర్‌కి నీలం రంగు పల్చగా పూసి లోపల పెట్టి తీస్తే, రంగు పొడవునా అంటుకోవాలి. ఇక్కడ రెండే చోట్ల అంటింది. ఎప్పుడో పొట్టు తుడవకుండా ఆర్బర్ ఎక్కించారు, అది లోపల జారి తిరిగింది, గోకుడు పడింది, అంచులు లేచాయి. పెద్దాయన రెండో నంబర్ మోర్స్ రీమర్‌ని మెషిన్‌లో పెట్టలేదు. నూనె వేసి, చేత్తో, మెల్లగా, ఒకే దిక్కులో తిప్పాడు. లేచిన గరుకు మాత్రమే పోవాలి. గోకిన గాడులు అలాగే ఉంటాయి, వాటివల్ల నష్టం లేదు. ఎక్కువ తీస్తే ఆర్బర్ మరీ లోతుకి దిగి, పట్టు రాకముందే తోక పైకి తగులుకుంటుంది.

చక్ సంగతి ఎక్కువసేపు పట్టలేదు. దవడల మూతులు గంటలా విచ్చుకున్నాయి. ఒకటీ రెండూ మూడూ అని నంబర్లు వేసుంటాయి, విప్పి దవడలూ నట్టూ మార్చొచ్చు. ఈ రకానికి విడిభాగాలు దొరకవు. కొత్త చక్, కొత్త ఆర్బర్. స్పిండిల్ బతికింది, నా లెక్కలో అదే అసలు గెలుపు. ఎందుకంటే అది బజార్లో దొరకదు.

ఇలాంటి చక్‌లు మన దగ్గరా తయారయ్యాయి. 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్ మిల్లింగ్ మెషిన్లు, చక్‌లు చేసింది. తర్వాత హెచ్ఎంటీ గొడుగు కిందికి వెళ్లింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్లు మొదలయ్యాయి. అలాంటి కార్ల విడిభాగాలు చేసే కంప్యూటర్ మిషన్లలో మోర్స్ ఉండదు. అక్కడ 24కి 7 ఏటవాలు. అది తనంతట తాను పట్టుకోదు, పై నుంచి కడ్డీ లాగి పట్టుకుంటుంది. క్షణాల్లో టూల్ మార్చాలి కాబట్టి ఇరుక్కుపోయేది పనికిరాదు.

ధర్మవరంలో స్పిండిల్‌కి ఇంకా పాత తెలుగు మాటే ఉంది, కదురు. కండెలు చుట్టే రాట్నం కదురు వంగితే దారం ఎగిరెగిరి పడుతుందని అక్కడి అక్క ఒకామె చెప్పింది. డయల్ గేజ్ అక్కర్లేదు, చేతికే తెలుస్తుందట.

అంతా బిగించాక చక్‌లో నిటారు కడ్డీ పెట్టి చూస్తే 0.06. పలకలకి అది చాలు. ఆ సాయంత్రమే మొదటి వరస పడింది. మీ దగ్గర డ్రిల్ ఉంటే ఒక్క పని చేయండి. చక్‌కి కీ పెట్టే బొక్కలు మూడుంటాయి, ఒక్కదాంట్లోనే కాదు, మూడింట్లోనూ పెట్టి బిగించండి. కీ తీసి పక్కన పెట్టాకే స్విచ్ వేయండి. ఉంటాను.