కారు కూలింగ్ సీటు నుంచి గాలి సరిగ్గా రావట్లేదా..? ఫ్యాన్ మార్చే ముందు ఇవి చూసుకోండి!

ఎండాకాలం వచ్చిందంటే చాలు.. కారు కొనేవాళ్లు షోరూమ్‌లో అడిగే ఫీచర్లలో వెంటిలేటెడ్ సీట్లు తప్పకుండా ఉంటాయి. మనవాళ్లు వీటినే కూలింగ్ సీట్లు అంటుంటారు. కొత్తలో వీపుకి హాయిగా గాలి తగులుతుంది. కొన్నాళ్లకి సౌండ్ వస్తుంది కానీ గాలి రాదు. కొందరికైతే మొదటి రోజే ‘ఇంతేనా?’ అనిపిస్తుంది. అందుకే లోపలి ఫ్యాన్లు తీసేసి, ఇంకా స్పీడ్‌గా తిరిగేవి సొంతంగా బిగించుకోవాలని చూస్తుంటారు.

పని మరీ బ్రహ్మవిద్యేం కాదు. కానీ చాలా కార్లలో అదే సీట్లో సైడ్ ఎయిర్‌బ్యాగ్ కూడా ఉంటుంది. గాలి కోసం చేసిన పని ప్రాణాల మీదకి రాకూడదంటే ఏం చేయాలి? ఏం చేయకూడదు? స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ఈ సీటు ఎలా పనిచేస్తుంది?

ముందుగా ఒక విషయం క్లియర్‌గా తెలుసుకోవాలి. ఈ సీట్లలో మామూలుగా ఏసీ ఉండదు. కూర్చునే భాగం కింద ఒకటి, వీపు వెనక ఒకటి చొప్పున చిన్న ఫ్యాన్లు ఉంటాయి. ఫోమ్‌లో గాలి వెళ్లడానికి దారులు, దాని పైన జల్లెడలాంటి మెష్ పొర, ఆ పైన చిన్న చిన్న రంధ్రాలున్న లెదర్ ఉంటాయి.

కొన్ని కార్లలో ఫ్యాన్ గాలిని ఒంటి వైపు తోస్తుంది. మరికొన్నింటిలో ఒంటి దగ్గరున్న వేడి, తేమ గాలిని కిందకి లాగేస్తుంది. రెండింటిలోనూ జరిగేది ఒకటే.. చెమట త్వరగా ఆరిపోతుంది. ఆరేటప్పుడు ఒంట్లో వేడిని తీసుకుపోతుంది కాబట్టి చల్లగా అనిపిస్తుంది.

అంటే క్యాబిన్‌లో గాలి వేడిగా ఉంటే సీటు ఫ్యాన్ కూడా ఆ వేడి గాలినే తిప్పుతుంది. ఎండలో పెట్టిన కారు ఎక్కగానే సీటు చల్లబడలేదంటే ఫ్యాన్ పాడైందని కాదు. ముందు అద్దాలు దించి వేడి గాలి బయటకి పంపాలి. ఏసీతో క్యాబిన్ చల్లబడ్డాకే సీటు పనితనం తెలుస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో ఏసీ ఆపేసి ఫ్యాన్ ఒక్కటే వేస్తే పెద్దగా ఫలితం ఉండదు. గాలిలోనే తేమ ఉంటే చెమట అంత తొందరగా ఆరదు మరి.

సాబ్ నుంచి పెనుకొండ దాకా..

ఫ్యాన్లున్న సీట్లను మార్కెట్లోకి ముందుగా తెచ్చింది స్వీడన్ కంపెనీ సాబ్. 1997లో వచ్చిన 9-5 మోడల్‌లో వీటిని ఇచ్చింది. మన దగ్గర 2017 హ్యుందాయ్ వెర్నా, 2019 కియా సెల్టోస్ లాంటి కార్లతో ఈ ఫీచర్ మధ్యతరగతికి చేరువైంది. ఆ సెల్టోస్ తయారైంది మన పెనుకొండ ప్లాంట్‌లోనే. అప్పట్లో అది అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా.

ముందు టిష్యూ పేపర్ టెస్ట్

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు పైసా ఖర్చు లేని టెస్ట్ ఒకటి చేయండి. ఫ్యాన్‌ని ఫుల్ స్పీడ్‌లో పెట్టి, పలుచటి టిష్యూ పేపర్‌ని రంధ్రాల మీద ఉంచండి. గాలి తోసే సీటైతే పేపర్ రెపరెపలాడుతుంది. లాగే సీటైతే అతుక్కుంటుంది. సీటు కింద, వీపు దగ్గర విడివిడిగా చూడండి. ఒక చోట పనిచేసి ఇంకో చోట చేయకపోతే ఒక్క ఫ్యాన్‌లోనే సమస్య ఉన్నట్టు.

గాలి తగ్గడానికి మామూలు కారణాలు ఇవే:

• సీటు కవర్: రంధ్రాలున్న లెదర్ మీద మందపాటి రెగ్జిన్ కవర్ వేస్తే గాలి దారి మూసుకుపోతుంది. కవర్ తీసి మళ్లీ టెస్ట్ చేయండి. చాలామంది సమస్య ఇక్కడే తీరిపోతుంది.
• దుమ్ము: సీటు కింద ఫ్యాన్ జాలీకి దుమ్ము, వెంట్రుకలు పట్టేస్తాయి. మెత్తటి బ్రష్, వాక్యూమ్ క్లీనర్‌తో తీయండి.
• లెదర్ క్రీమ్: నేరుగా సీటు మీద పోసి రుద్దితే రంధ్రాలు పూడుకుపోతాయి. గుడ్డకి కొద్దిగా రాసుకుని తుడవాలి. రంధ్రాల్లో పిన్నుతో పొడవొద్దు. సీటు హీటర్ కూడా ఉన్న కార్లలో లోపలి వైరు తెగే ప్రమాదం ఉంది.
• ఊడిన డక్ట్: ఫ్యాన్‌కి, ఫోమ్‌కి మధ్య గొట్టం జారిపోతే గాలి పక్కకి పోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా గాలి రాకపోతేనే ఫ్యాన్ మార్చే ఆలోచన చేయాలి.

ఏ ఫ్యాన్ కొనాలి?

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. చేతిలో పట్టుకుంటే జోరుగా గాలి కొట్టే ఫ్యాన్, సీట్లో పెడితే చతికిలబడొచ్చు. ఎందుకంటే మనిషి కూర్చోగానే ఫోమ్ నొక్కుకుపోయి దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులోంచి గాలిని నెట్టాలంటే ‘స్టాటిక్ ప్రెషర్’ ఎక్కువుండాలి. కొనేటప్పుడు ఎంత గాలి ఇస్తుందన్నది ఒక్కటే కాదు, ఈ నంబర్ కూడా చూడాలి. గుండ్రటి డబ్బాలో తిరిగే బ్లోయర్ రకం ఫ్యాన్లు ఈ పనికి బాగా సరిపోతాయి.

పాత ఫ్యాన్ లేబుల్ ఫొటో తీసుకుని ఇవి సరిపోల్చండి:

• సైజు, మందం: మిల్లీమీటర్లలో కొలవాలి. మందం పెరిగితే సీటు వెనక్కి ముందుకి జరిగేటప్పుడు తగులుతుంది.
• వోల్టేజ్: కారు లైన్ 12 వోల్టులు అంటాం కానీ ఇంజిన్ ఆన్‌లో ఉంటే 14 దాకా వెళ్తుంది. కొత్త ఫ్యాన్ దాన్ని తట్టుకోవాలి.
• ఆంప్స్: ఉదాహరణకి పాతది 0.5 ఆంప్స్ అయితే నాలుగు ఫ్యాన్లకి కలిపి 2 ఆంప్స్. వాటి బదులు 1.2 ఆంప్స్‌వి పెడితే 4.8 అవుతుంది. పాత వైరు, కంట్రోల్ మాడ్యూల్ అంత లోడ్ కోసం చేసినవి కావు.
• వేడి: ఎండలో నిలిపిన కారు లోపల విపరీతమైన వేడి ఉంటుంది. ఎంత ఉష్ణోగ్రత వరకు పనిచేస్తుందో లేబుల్ మీద చూడండి.
• వైర్లు: రెండు వైర్లుంటే ప్లస్, మైనస్. మూడోది సాధారణంగా ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోందో మాడ్యూల్‌కి చెబుతుంది. నాలుగోది ఉంటే స్పీడ్ కంట్రోల్ కోసం. ఈ సిగ్నల్స్ కలవకపోతే మాడ్యూల్ లోపం ఉందనుకుని ఫ్యాన్‌ని ఆపేయొచ్చు.

ఇంకో లెక్క కూడా గుర్తుపెట్టుకోండి. ఒకే ఫ్యాన్‌ని 20 శాతం ఎక్కువ స్పీడ్‌తో తిప్పితే గాలి సుమారు 20 శాతమే పెరుగుతుంది. కరెంట్ ఖర్చు మాత్రం దాదాపు 73 శాతం పెరుగుతుంది. సౌండ్ అదనం. అందుకే స్పీడ్ పెంచడం కంటే లీకేజీలు మూయడమే లాభం.

బిగించే పద్ధతి

1. సీటుని ముందుకి, వెనక్కి జరిపి బోల్టులు, కనెక్టర్లు కనిపించేలా పెట్టుకోండి. పవర్ సీటైతే బ్యాటరీ తీశాక కదలదు కాబట్టి ఈ పని ముందే చేయాలి.

2. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో కరెంట్ కాసేపు నిల్వ ఉంటుంది. మీ కారు మాన్యువల్‌లో చెప్పినన్ని నిమిషాలు ఆగాకే సీటు ముట్టుకోండి.

3. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌ది. దానికి మల్టీమీటర్ పెట్టొద్దు, టెస్ట్ ల్యాంప్ అసలే పెట్టొద్దు. ఆ చిన్న కరెంట్‌కే ఎయిర్‌బ్యాగ్ పేలే ప్రమాదం ఉంది.

4. కింది ఫ్యాన్ చాలా కార్లలో సీటు ఊడదీయకుండానే అందుతుంది. వీపు ఫ్యాన్ కోసం సీటు వెనక ప్యానెల్ క్లిప్పులు తీయాలి. సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న వైపు కుట్లు విప్పొద్దు, కోయొద్దు.

5. కారు వైరింగ్ కట్ చేయొద్దు. పాత ఫ్యాన్ తోకలోని కనెక్టర్‌ని కొత్త ఫ్యాన్‌కి జతచేసి, క్రింప్ వేసి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి. రేపు పాత ఫ్యాన్ మళ్లీ పెట్టాలన్నా ఇబ్బంది ఉండదు.

6. ఫ్యాన్ మీద బాణం గుర్తు చూసి, పాతది ఏ వైపు గాలి పంపేదో అదే వైపు పెట్టండి. చుట్టూ ఫోమ్ టేప్ వేసి సందులు మూసేయండి.

7. వైర్లు సీటు పట్టాల్లో ఇరుక్కోకుండా పాత దారిలోనే కట్టండి. సీటు బోల్టులు తీసి ఉంటే సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే బిగించాలి. యాక్సిడెంట్ జరిగితే సీటుని పట్టి ఉంచేవి అవే.

8. అన్ని కనెక్టర్లు పెట్టాకే బ్యాటరీ కలపండి. ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైట్ కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే ఎయిర్‌బ్యాగ్ పనిచేయకపోవచ్చు. ఆ కారుతో రోడ్డెక్కకుండా సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేయండి.

చివర్లో అరగంట ఫుల్ స్పీడ్‌లో నడిపి, వైరు జాయింట్లు చేత్తో తాకి చూడండి. వేడెక్కితే వెంటనే ఆపేయాలి.

ఈ పనులు అస్సలు వద్దు

• ఫ్యూజ్ కొట్టేస్తోందని పెద్ద ఫ్యూజ్ వేయొద్దు. ఫ్యూజ్ ఉండేది వైరుని కాపాడటానికి. అది ఆగిపోతే తర్వాత కాలేది వైరే.
• ఒకే లైన్‌కి రెండో ఫ్యాన్ తగిలించొద్దు. ఎక్కువ కరెంట్ తీసుకునే ఫ్యాన్ కావాలంటే విడిగా ఫ్యూజ్, రిలే పెట్టించాలి. అది అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియన్ పని.
• ముందు ప్యాసింజర్ సీట్లో మనిషి ఉన్నాడో లేదో చూసే సెన్సర్ మ్యాట్ ఉండొచ్చు. దాన్ని మడవొద్దు, జరపొద్దు.

వారంటీ సంగతేంటి?

వారంటీ ఉన్న కారైతే సొంతంగా విప్పకండి. వైరింగ్‌లో మార్పులు చేస్తే ఎలక్ట్రికల్ క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. గాలి తగ్గిందని సర్వీస్ సెంటర్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి జాబ్ కార్డ్ తీసుకోండి. వారంటీ అయిపోయిన కారైతే ముందు అదే పార్ట్ నంబర్‌తో కంపెనీ ఫ్యాన్ ధర కనుక్కోండి. అరిగిపోయిన ఫ్యాన్ స్థానంలో అలాంటి కొత్తదే పెట్టినా కొత్తలో వచ్చిన గాలి మళ్లీ వస్తుంది.

ఖరీదైన కొన్ని కార్లలో గాలిని నిజంగానే చల్లబరిచే థర్మోఎలక్ట్రిక్ సీట్లు ఉంటాయి. అక్కడ ఫ్యాన్‌కి ఆ పరికరం వేడిని బయటకి పంపే పని కూడా ఉంటుంది కాబట్టి బయటి ఫ్యాన్లతో ప్రయోగాలు చేయకపోవడమే మంచిది.

అసలు ఈ ఫీచరే లేని కారుకి లైటర్ సాకెట్‌తో నడిచే ఫ్యాన్ కుషన్ ఒక దారి. వైరు కట్ చేసే పని లేదు. అయితే కొనేటప్పుడు ఒకటే చూడండి. అది సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోటుని కప్పేయకూడదు, బ్రేక్ వేసినప్పుడు మీ కింద జారకూడదు.