సుగ్గి నడక

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనాక మనకు వినబడిన సలహా గుర్తుందా? ఇంట్లోనే ఉండండి, రోజూ కాసేపు వ్యాయామం చేయండి, ఒత్తిడి తగ్గుతుంది అని. అదే ఏడాది నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మితమైన శారీరక శ్రమ కావాలని చెప్పింది. మాట తప్పు కాదు. కానీ కోసిగి నుంచి సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయేటోళ్ల చెవికి అది ఎట్లా వినబడి ఉంటుంది? పొద్దంతా వంగి కాయలు కోసే నడుములు వాళ్లవి. రైళ్లు, బస్సులు ఆగిపోయినాక దేశమంతటా వలస కూలీలు ముల్లె నెత్తిన పెట్టుకొని రోజుల తరబడి నడిచినారు. శ్రమ ఒక్కటే మందైతే ఆ వేసవిలో వాళ్లకన్నా నిబ్బరంగా ఎవరుండాలి?

జవాబు మన చరిత్రలో ఉందనుకుంటాను. ఎరుకల తాతలు నడక మీదే బతికినోళ్లు. ఎద్దులు, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరా అమ్మినారు. సుగాలీలదీ అదే బతుకు. (బడి పాఠాల్లో ఈ సంగతి నాకైతే కనబడలేదు.) 1871లో మద్రాసు రైలు మార్గం రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. మన కోసిగి స్టేషను ఆ దారిలోదే. సరుకు రైలెక్కింది, ఎద్దుకు పని పోయింది. మిగిలినదాన్ని 1876-78 కరువు ఊడ్చుకుపోయింది.

ఇక 1911 నేరస్థ తెగల చట్టం మద్రాసు రాజ్యంలోకి వచ్చినాక, ఆ జాబితాకెక్కినోళ్లకు నడకే నేరమైంది. చెప్పకుండా ఊరు దాటితే తప్పు, పోలీసుల ముందు హాజరు పలకాలి. అది దేశమంతటా పోయింది 1952 ఆగస్టు 31న. అన్ని కాలాల్లోనూ కాళ్లు అవే. ఎప్పుడు కదలాలో, ఎక్కడ ఆగాలో ఎవరు చెప్పినారన్నదే తేడా. తీరిక వేళ చేసే వ్యాయామంతో వచ్చే మేలు బరువు కూలి పనితో రాకపోవచ్చని ఇప్పుడు పరిశోధకులూ అంటున్నారు. మన పెద్దోళ్లకు ఇది కొత్త విషయమేం కాదు.

2020 ఏప్రిల్ 20 తర్వాత ఉపాధి హామీ పనులకు అనుమతి వచ్చింది. ఆ ఏడాది ఆంధ్రాలో కూలి 237 రూపాయలు ఉండేది. ఎండలో గట్టినేల తవ్వడం సుఖమని నేననను. అయినా తెలిసిన మొఖాల మధ్య, ఎడంగా నిలబడైనా నాలుగు మాటలాడుకుంటూ తవ్వి సాయంత్రానికి సొంత ఇల్లు చేరడం వేరే సంగతి.

మీ ఇంట్లో ఆ ఏడాది సుగ్గికి పోయినోళ్లు ఉంటే ఒకసారి కూచోబెట్టి అడగండి. ఎంత దూరం నడిచినారని కాదు, ఆ రాత్రులు నిద్ర పట్టిందా అని. వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాసి ఇక్కడ పెట్టండి.