వెతికితే దొరకని తెలుగు

సెర్చ్‌లో పైకి రావడం ఎలా అని సైట్ పెట్టుకున్న మిత్రులు అడుగుతుంటారు. కోడ్ రాసేవాణ్ణి కదా, కిటుకేదో తెలిసే ఉంటుందని ఆశ. కిటుకుల చరిత్ర చూస్తే ఆ ఆశ నిలవదు.

1990లలో పేజీ తన గురించి తాను చెప్పుకున్నదాన్ని కొన్ని సెర్చ్ ఇంజన్లు నమ్మేవి. దాంతో కీవర్డ్స్ మెటా ట్యాగ్‌లో సంబంధంలేని మాటలన్నీ కూరారు. 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ పేజ్‌ర్యాంక్‌తో వేరే సాక్ష్యం అడిగారు: నీకు ఎవరు లింకిచ్చారు? ఇక లింకులు కొనడం మొదలైంది. ఆ ట్యాగ్‌ని ర్యాంకింగ్‌కి వాడట్లేదని గూగుల్ 2009లో చెప్పేసింది. 2012లో పెంగ్విన్‌తో దొంగ లింకుల పని పట్టింది.

తెలుగు కథ వేరు. 1991 నుంచే మన లిపి యూనికోడ్‌లో ఉన్నా, 2000ల్లోనూ చాలా సైట్లు సొంత ఫాంట్లే వాడాయి. కంటికి ‘అమ్మ’ అని కనబడేది యంత్రానికి అర్థంలేని రోమన్ గుర్తులు. ఫైర్‌ఫాక్స్‌లో ‘పద్మ’ ఎక్స్‌టెన్షన్ వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపేది. చదివేవాళ్ల తిప్పలు తీరాయి గానీ, సెర్చ్‌కి ఆ పేజీలు అందలేదు.

ఇప్పుడు కవితల్ని పోస్టర్లుగా పెడుతున్నారు. మళ్లీ అదే కథ! కవితని అక్షరాలుగానే పెట్టండి. టైటిల్ ట్యాగ్‌లో ‘హోమ్’ బదులు రచన పేరు, రచయిత పేరు రాయండి. ఇంకొకరి రచన నచ్చితే ‘ఇక్కడ’ అనే మాట మీద కాక, దాని పేరు మీదే లింకివ్వండి. వీటితో మొదటి స్థానం వస్తుందని చెప్పలేను. పేరు గుర్తున్న పాఠకుడికి రచన దొరికే అవకాశమైతే మిగులుతుంది.